గోపన్‌పల్లిలో పరామర్శ

మొన్నీ మధ్య వానలు మొదలైన కొత్తలో, నేను ఇప్పటికీ వారంలో ఏవో కొన్ని పూటలు వెళ్ళి కూర్చునే హైటెక్ సిటీ ఆసుపత్రిలో చిన్న డాక్టర్లందరినీ ఒకచోట చేర్చి ఒక క్లాసు పెట్టారు. అద్దాల గోడలున్న పై అంతస్తు, చలి పుట్టించే ఏసీ, కాగితం కప్పుల్లో కాఫీ. రోగుల బాధ చూసి చూసి మనసు విరిగిపోకుండా దాన్ని దిటవు చేసుకోవడం ఎలా అన్నది ఆనాటి విషయం. దానికి రెజిలియన్స్ అని ఒక నాజూకైన పేరు. చెప్పడానికి వచ్చిన అమ్మాయి మా చిన్నకోడలి ఈడుది. కళ్ళు మూసుకొమ్మంది, ఊపిరి గుండె నిండా పీల్చి మెల్లగా వదలమంది, అందరితోపాటు నేనూ బుద్ధిగా వదిలాను. మంచి మాటలే చెప్పింది, కాదనను. ఆఖరున మాత్రం నావైపు తిరిగి, మేడమ్, మీ రోజుల్లో ఇవన్నీ ఎలా తట్టుకునేవారు అని అడిగింది. పిల్లలందరూ తలలు తిప్పి చూశారు. నాకు ఏం తోచిందో ఏమో, అలవాటైపోతుందమ్మా అన్నాను. వాళ్ళు మర్యాదగా నవ్వి ఊరుకున్నారు.

లిఫ్టులో కిందికి దిగుతుంటే ఆ మాట నాకే చేదుగా తోచింది. అలవాటు కావడమేమిటి, ఎప్పుడైంది గనక? ఫ్లైఓవరు కింద కారు కదలకుండా నిలిచిపోయింది, సన్నని తుంపర మొదలైంది, కారు అద్దం కొంచెం దించగానే ఎక్కడినుంచో తడిసిన రాతి వాసన వచ్చింది. ఇంత సిమెంటు మధ్య ఆ వాసన ఎలా బతికుందో తెలియదు గానీ, నా వయసువారికి ఇలాంటివి చాలు కదండీ, కళ్ళు తెరిచే ఉంటాం, మనిషి మాత్రం అక్కడ ఉండం.

సైబరాబాద్ అనే మాట ఇంకా పుట్టని రోజులవి. కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మా అమ్మ పట్టుపట్టి నన్ను డాక్టరు చదివించింది. చదువైపోగానే నాకు మొదటి ఉద్యోగం చందానగర్‌లో, బొంబాయి రోడ్డు మీద పెంకుల కప్పున్న ఒక చిన్న ఆసుపత్రిలో దొరికింది. కూకట్‌పల్లి హౌసింగ్ కాలనీలో మా పిన్ని ఇంట్లో ఉండి, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేదాన్ని. ఆ దారి పొడుగునా మియాపూర్ దాటాక మనుషుల కంటే రాళ్ళే ఎక్కువ కనిపించేవి. ఒకదాని మీద ఒకటి ఎవరో ఆడుకుంటూ పేర్చి వదిలేసినట్టు పెద్ద పెద్ద గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, ఆ వెనక ద్రాక్ష తోటల పందిళ్ళు. వాన పడిన రోజున గుండ్లన్నీ నల్లబడి, నీళ్ళలో పడుకున్న గేదెల్లా ఉండేవి. బస్సు కిటికీలోంచి చూస్తూ, ఈ చోట నాకు ఏ లోటూ రాదని ఎందుకో గట్టిగా అనిపించేది.

ఆసుపత్రిని నడిపేది మేమందరం పెద్ద డాక్టరమ్మ అని పిలిచే ఒక పెద్దావిడ. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నీలంచు తెల్లచీరలో ఉండేవారు. మాటలు తక్కువ. తప్పు చేస్తే తిట్టరు, అద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంటారు, అంతే. దానికే మేం వణికిపోయేవాళ్ళం. ఆవిడ గురించి ఒక వింత సంగతి నేను చేరిన కొత్తలోనే విన్నాను. ఆసుపత్రిలో ఎవరైనా పోతే, కొన్నాళ్ళాగి ఆ ఇంటికి ఆవిడ స్వయంగా పరామర్శకు వెళ్ళేవారట. ఎందుకెళ్తారో సిస్టర్లకు కూడా తెలియదు. అది ఆవిడ చాదస్తం అనుకునేవారు.

ఆ ఏడు వానాకాలంలోనే నా చేతుల్లో మొదటి మనిషి పోయింది. గోపన్‌పల్లి నుంచి ఒక ఇల్లాలిని ఎడ్లబండి మీద తెచ్చారు. గట్టున గడ్డి కోస్తుంటే నాగుపాము కాటేసింది. పాము మంత్రం వేసే మనిషి దగ్గరికి ముందు తీసుకెళ్ళారు, అక్కడ పొద్దెక్కింది, ఆమెకు రెప్పలు వాలిపోయి మాట ముద్దగా అయ్యాక భయపడి మా దగ్గరికి బయలుదేరారు. బండి మా గుమ్మం ముందు ఆగేసరికి ఊపిరి ఆగిపోయి ఉంది. పెద్ద డాక్టరమ్మా నేనూ చేయగలిగిందంతా చేశాం. గొంతులోకి గొట్టం దించి చేత్తో నొక్కే రబ్బరు సంచితో గాలి పంపించాం, విరుగుడు మందు ఎక్కించాం, గుండె మీద ఒత్తాం. ఏదీ పనిచేయలేదు. పెద్ద డాక్టరమ్మ ఆపేసిన తర్వాత కూడా నేను ఆమె చెయ్యి వదల్లేకపోయాను. గడ్డి పసరు అంటుకున్న చెయ్యి, గాజులు ఒక్కటీ పగలలేదు. నా కంటే ఒకటి రెండేళ్ళు పెద్దదేమో.

మర్నాడు నేను ఆసుపత్రికి వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు. పిన్ని ఇంట్లో వెనకగదిలో కిటికీ వైపు తిరిగి పడుకుని, ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలు గాలికి ఊగడం చూస్తూ ఉండేదాన్ని. చదువులో నాకు అన్నిట్లోనూ ముందు వరస. మనిషి ఊపిరి ఎలా వస్తుందో ఎలా పోతుందో చిత్రం గీసి చూపించగలను. అలాంటిది ఆ ఒక్క ఊపిరి తేలేకపోయానన్నది నన్ను లోపలినుంచి తొలిచేసింది. పిన్ని అన్నం కంచం తెచ్చి పక్కన పెట్టి, పోనీలేవే, ఏదైనా స్కూల్లో సైన్సు చెప్పుకుందువుగాని, డాక్టరువే కావాలని ఎక్కడుంది అనేది. ఆ మాట అప్పుడు నాకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. అమ్మకు ఏమని చెప్పాలా అన్నదొక్కటే మిగిలిన బెంగ.

అలా ఉండగా ఒక ఉదయం పెద్ద డాక్టరమ్మ తన పాత కారు తానే నడుపుకుంటూ మా ఇంటి ముందు దిగారు. పిన్ని కంగారుపడి కుర్చీ దులిపింది. ఆవిడ కూర్చోలేదు. ఎందుకు రావడంలేదని అడగలేదు, ధైర్యం చెప్పలేదు.

"చెప్పులేసుకో అమ్మా. ఒక ఇంటికి వెళ్ళొద్దాం" అన్నారు.

ఎక్కడికో నాకు అర్థమైంది. రానండీ అని నోటిదాకా వచ్చింది గానీ ఆవిడ అప్పటికే కారు తలుపు తీసి పట్టుకున్నారు.

లింగంపల్లి రైలు గేటు దాటి, యూనివర్సిటీ గోడ వెంబడి, ఎర్రమట్టి బాటలో వెళ్ళాం. దారి పొడుగునా నేను అనుకున్నది ఒక్కటే, వాళ్ళు మమ్మల్ని తిడతారు, బహుశా కొడతారు. ఊరి చివర మట్టిగోడల ఇల్లు, ముందు రాతి పలకల వాకిలి. పోయినామె భర్త మమ్మల్ని చూసి లేచి కొట్టం వైపు వెళ్ళిపోయాడు. లోపలినుంచి అతని తల్లి వచ్చింది, పోయినామెకు అత్త. నెరిసిన జుట్టు, మోచేతుల దాకా పచ్చబొట్లు. పెద్ద డాక్టరమ్మ చెప్పులు విడిచి, ఎవరూ అనకముందే పోయి ఆ రాతి పలక మీద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. వేరేచోటైతే ఆ నిశ్శబ్దం భరించలేనిదిగా ఉండేది. అక్కడ మాత్రం ఏ కారణానో మెల్లమెల్లగా ఊపిరాడినట్టయింది. ఒక కోడి వచ్చి మా కాళ్ళ దగ్గర ఏరుకుని పోయింది. ఆ తర్వాత పెద్ద డాక్టరమ్మ, జరిగింది జరిగినట్టు, ఏమేం చేశామో ఎందుకు నిలబడలేదో, తేలికైన మాటల్లో చెప్పారు. పాము కరిచిన వెంటనే తెచ్చి ఉంటే బతికే అవకాశం ఉండేదని కూడా చెప్పారు. నిందలా కాదు, ఊళ్ళో ఇంకెవరికైనా పనికొస్తుందన్నట్టు. అత్త తలూపుతూ విన్నది. అప్పుడు నావైపు తిరిగింది.

"నువ్వే గదా బిడ్డా, ఆఖరిదాంక దాని చెయ్యి వట్టుకున్నది? నేను తలుపుకాడికెల్లి చూసిన."

అవునన్నాను.

"అయితే ఒక్కతే పోలే నా కోడలు" అన్నది ఆమె. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. డాక్టర్లు రోగుల బంధువుల ముందు ఏడవకూడదని మాకు చదువులో నేర్పారు. ఆ వాకిట్లో అది ఎవరికీ గుర్తు రాలేదు. మేం లేచేటప్పుడు కొట్టంలోంచి భర్త వచ్చి కారు దాకా మా వెనక నడిచాడు.

తిరిగి వస్తుంటే గుండ్ల దగ్గర పెద్ద డాక్టరమ్మ కారు ఆపి దిగి, ఒక రాతికి ఆనుకుని నిలబడ్డారు. నేను ఉద్యోగంలో చేరిన తర్వాత ఆవిడ నాతో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు.

"నేను గట్టిదాన్ననుకుంటారమ్మా అందరూ. కాదు. నా మొదటి ఏడాది నేనూ పారిపోయాను, మా ఊరికి. ఆసుపత్రిలో చూసిన చావు అక్కడే వదిలేసి వద్దామంటే అది వెంటబడి వస్తుంది. వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళతో కూర్చుంటే, కొంత వాళ్ళు మోస్తారు, కొంత మనం మోస్తాం. నాకు తెలిసింది ఇంతే. నువ్వు రేపు రాకపోయినా నేనేమీ అనుకోను."

మర్నాడు వెళ్ళాను. అలా రాస్తే కథలా ఉంటుంది గానీ, నిజానికి నేను బాగుపడటానికి ఆ చలికాలమంతా పట్టింది. బండి ఏదైనా గుమ్మం ముందు ఆగితే అరచేతులు చల్లబడేవి. రాసిన మందునే మళ్ళీ మళ్ళీ చూసుకునేదాన్ని. మధ్యలో మరో ఇద్దరు ముగ్గురు పోయారు, వయసు మళ్ళినవారు. పెద్ద డాక్టరమ్మ వెంట వాళ్ళ ఇళ్ళకూ వెళ్ళాను, ఒక్కోచోట వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడారు, ఒకచోట తలుపే తీయలేదు. ఆవిడ మూసిన తలుపుకు నమస్కారం పెట్టి వచ్చేశారు. అదీ చూశాను.

మరుసటి వానాకాలంలో ఒక ఉదయం, పెద్ద డాక్టరమ్మ పని మీద సిటీకి వెళ్ళిన రోజు, పాల వ్యాను ఒకటి హారన్ మోగించుకుంటూ వచ్చి మా గుమ్మంలో ఆగింది. ముందు సీట్లోంచి దిగింది ఎవరనుకున్నారు, ఆ గోపన్‌పల్లి అత్త. వెనక పాల క్యాన్ల మధ్య ఒక కొత్త పెళ్ళికూతురు, కాళ్ళకు పసుపు ఇంకా వదల్లేదు. వాళ్ళ పక్కింటి కోడలట. పశువుల మేత ఎత్తుతుంటే నాగుపాము.

"మంత్రం లేదు ఏం లేదని ఒర్రి, వాళ్ళందర్ని తిట్టి తెచ్చిన బిడ్డా" అన్నది అత్త రొప్పుతూ. "జర జల్ది చూడు."

నేను చూస్తుండగానే ఆ పిల్లకు రెప్పలు వాలిపోతున్నాయి. మెడ నిలవడం లేదు. విరుగుడు మందు మొదలుపెట్టాం గానీ, అది పనిచేసేలోగా ఊపిరి ఆగిపోతుందని తెలుస్తూనే ఉంది. గొంతులోకి గొట్టం వేయాలి. ఎవరూ లేరు, నేనే వేయాలి. ఆ క్షణంలో ధైర్యం ముంచుకొచ్చిందని అబద్ధం చెప్పను. ఒకవేళ ఈ పిల్ల పోతే నేను వెళ్ళి కూర్చోవలసిన వాకిలి ఏదో నాకు తెలుసు, అక్కడ కూర్చోగలనని కూడా తెలుసు, అంతే. అది తెలియడంతో భయం పోకపోయినా పని ఆగలేదు. గొట్టం సరిగ్గా దిగింది. సంచి నొక్కగానే ఆ పిల్ల ఛాతీ పైకి లేచింది.

ఊపిరి ఆడించే యంత్రాలు ఆ రోజుల్లో మాలాంటి ఆసుపత్రికి కలలో మాట. ఆ పిల్ల కండరాలకు విషం విరిగేదాకా ఎవరో ఒకరు ఆ సంచి నొక్కుతూనే ఉండాలి. నేను కొంతసేపు, సిస్టరమ్మ కొంతసేపు. బయట వార్డు నిండా రోగులు. సిస్టరమ్మ అత్తను బయట కూర్చోమంది.

"నేనేడికి పోను. ఏం జెయ్యాల్నో చెప్పున్రి, జేస్త."

చెప్పాను. మీ ఊపిరి మీరు ఎలా తీస్తారో అలాగే, దాంతోపాటే నొక్కి వదలమన్నాను. ఆమె స్టూలు మీద కూర్చుని, పచ్చబొట్ల చేతులతో సంచి పట్టుకుని, తను ఒక ఊపిరి తీసి ఆ పిల్లకు ఒక ఊపిరి ఇవ్వడం మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడి, అది సరిగ్గా ఉందని తెలిసిన తర్వాత కూడా కదల్లేకపోయాను. కిందటి వానాకాలంలో ఇదే మంచం మీద ఆమె కోడలికి మేం నొక్కిన సంచి అది. ఆమెకు ఆ సంగతి తెలుసో లేదో నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నాన్ని నేను ఇప్పటికీ ఒక కలలాగే గుర్తుచేసుకుంటాను. పెంకుల మీద వాన ఒకే తీరున పడుతూ ఉంది. దూరంగా లింగంపల్లిలో రైలు కూత. చేతులు మారుతున్నాయి, ఊపిరి మారడం లేదు. పాము కాటుకు కదలలేకపోయిన మనిషికి అన్నీ వినిపిస్తుంటాయని పుస్తకంలో చదివినది గుర్తొచ్చి, మాట్లాడుతూ ఉండండి అన్నాను అత్తతో. ఆమె ఇక ఆపలేదు. లే బిడ్డా, బర్రెకు కుడితి పెట్టాలె, నీ మొగడు గేటుకాడ పరేషానై నిలబడ్డడు అంటూ ఊరి సంగతులన్నీ చెప్పింది. నా వంతు వచ్చినప్పుడు నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. మా అమ్మ కట్లు కట్టేటప్పుడు కూనిరాగం తీసే ప్రార్థన పాట ఒకటి మెల్లగా అందుకున్నాను. నా గొంతు చర్చిలో కూడా ఎవరూ కోరి విన్నది కాదు.

చీకటి పడే వేళకు, సంచి అత్త చేతికి ఇచ్చాక కూడా నేను పాడుతూ ఉండగానే, ఆ పిల్ల కనుబొమ్మ కదిలింది. తర్వాత వేళ్ళు. అత్త సంచి నొక్కడం ఆపకుండానే నా మొహంలోకి చూసింది, నేను తలూపాను, అప్పుడు ఆమె కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి, చేతులు మాత్రం తాళం తప్పలేదు. మర్నాటికి గొట్టం తీసేశాం. పెద్ద డాక్టరమ్మ సిటీ నుంచి వచ్చి, ఆ పిల్లను చూసి, అద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను భయపడ్డాను. అన్నం తిన్నావా అని అడిగి ముందుకు వెళ్ళిపోయారు.

ఇంటికి పంపే రోజున ఆ పెళ్ళికూతురు సిగ్గుపడుతూ నన్ను దగ్గరికి పిలిచింది.

"డాక్టరమ్మా, మీ పాట సగంల ఆపేసిన్రు. మళ్ళ ఏమైతది దాంట్ల?"

వార్డంతా నవ్వింది. నిజమే, ఆ కనుబొమ్మ కదిలినప్పుడు పాట మధ్యలో ఆగిపోయింది. సిస్టరమ్మలు పట్టుబట్టి నాతో మిగతాది పాడించారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను ఆ ప్రాంతాన్ని వదల్లేదు. నా చేతుల్లో బతికినవారు ఎక్కువే, పోయినవారూ తక్కువ కాదు. వీలైనప్పుడల్లా ఆ ఇళ్ళకు వెళ్ళాను, పెద్ద డాక్టరమ్మ కాలంచేశాక ఒంటరిగానే వెళ్ళాను. చందానగర్ బజారు వెనక సందుల్లో, కూకట్‌పల్లి డాబాల మీద, నల్లగండ్ల గుడిసెల్లో ఎన్ని గడపల దగ్గర కూర్చున్నానో. ఒక్కోచోట ఏడ్చాను, ఒక్కోచోట వాళ్ళు నన్ను ఊరడించారు. గోపన్‌పల్లి అత్త ముసలితనంతో పోయినప్పుడు ఆ వాకిట్లో నాకు డాక్టరుకిచ్చే కుర్చీ వేయలేదు, చుట్టాలతోపాటు చోటిచ్చారు. ఆ పెళ్ళికూతురు అప్పటికి ముగ్గురు పిల్లల తల్లి, నా పక్కనే కూర్చుంది.

తర్వాత మేడల కోసం ఆ రాతి గుండ్లను పేల్చడం మొదలైంది. మొదట దూరంగా, ఆ తర్వాత రోజూ. ద్రాక్ష పందిళ్ళు పోయాయి, మట్టిబాట మీద తారు పడింది, ఊరు అపార్టుమెంటయింది. నేనూ అద్దాల ఆసుపత్రికి మారాను. ఇక్కడ యంత్రాలు నిద్రపోకుండా ఊపిరి పోస్తాయి, మేం అప్పట్లో పోగొట్టుకున్నవారిలో చాలామంది ఇప్పుడు నడిచి ఇంటికి వెళ్తారు. దాన్ని నేను తక్కువ చేయను. ఆ గడ్డికోసే ఇల్లాలు ఈ కాలంలో అయితే బతికేదేమో అని తలుచుకున్నప్పుడు పాత రోజులు కావాలని కోరుకోవడానికి నోరు రాదు. కానీ పోయినవారి సంగతి వేరు. వ్యాను వస్తుంది, ఏ జిల్లాకో ఏ రాష్ట్రానికో తీసుకుపోతుంది, మంచం మీద దుప్పటి మారుతుంది, మధ్యాహ్నానికి అక్కడ ఇంకొకరు. పరామర్శకు వెళ్దామన్నా ఎక్కడికని వెళ్తాం? ఒకసారి ఇక్కడే దగ్గరలో ఉన్న ఒక ఇంటికి వెళ్ళాను. కింద గేటు దగ్గర ఎవరు, ఎందుకు, ఏ ఫ్లాటు అని అడిగారు. వైద్యం చేసిన డాక్టరునని చెబితే పైనుంచి, ఏదైనా సంతకం మిగిలిపోయిందా అని భయంగా ఫోను చేశారు. ఏమీ లేదు, ఊరికే వచ్చానని చెప్పడం ఆ రోజు నాకు చాలా కష్టమైంది.

సాయంత్రాలు ఇంటికి వెళ్తుంటే గోపన్‌పల్లి వైపు ఆ ఎత్తైన మేడల్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆ పెళ్ళికూతురు కూడా అక్కడే ఏదో అంతస్తులో కొడుకు దగ్గర ఉంటోందని ఎవరో చెప్పారు. కారు ఆగినంతసేపు తలెత్తి చూస్తాను. ఒకప్పుడు ఈ దారిలో ఏ దీపం ఎవరింటిదో, ఆ ఇంట్లో ఎవరికి దగ్గు, ఎవరికి నెలలు నిండాయో, ఎవరు లేరో నాకు తెలిసేది. ఇప్పుడు ఇన్ని దీపాలున్నాయి, అందులో ఒక్కటైనా ఫలానావారిదని వేలు పెట్టి చూపించలేను.